పద్నాలుగో సందు మైసమ్మ

పని మొదలై 2,211వ రోజు. సోమవారం. పాము దూరం: 132 మీటర్లు.

పలకలో రాసింది: సందు నంబర్ పద్నాలుగు. జెండా మనిషి లింబాద్రి. రోడ్డు దాటిన మనుషులు 1,906. ప్రమాదాలు లేవు. ట్రాఫిక్ సాధారణం.

అంతవరకే దారి కేంద్రానికి పోతుంది. ఇక కింద రాసేదంతా నా సొంత నోటుబుక్కు. "సాధారణం" అని రాయకపోతే మర్నాడు పొద్దున్నే కేంద్రం సంజాయిషీ అడుగుతుంది. ఆరేళ్ళుగా ఇదే గోల కాబట్టి సాధారణమే అనుకోవాలి. పొద్దున ఆరింటికి నా ముందు ఆగిన తెల్లకారు మధ్యాహ్నం పన్నెండింటికి కూడా నా కళ్ళెదుటే ఉంది. లోపలి మనిషి గడ్డం గీసుకుని, టిఫిన్ తిని, ఒక కునుకు తీసి, లేచి నన్ను చూసి చెయ్యి ఊపాడు.

పాత హైవేని తవ్వి కొత్తది వేసే యంత్రానికి పెద్ద పేరే పెట్టారు గాని, మేమంతా దాన్ని పాము అంటాం. రెండు లారీలంత పొడవు. తలతో పాత రోడ్డును మింగుతుంది, తోకతో కొత్త రోడ్డును పరుస్తుంది, పోతూ పోతూ రెండు పక్కలా పన్నెండడుగుల గోడ లేపుతుంది. రోజుకి పదకొండు మీటర్లు. దానికి పండగల్లేవు, జ్వరాల్లేవు. అది పోయిన చోట మనిషి నడిచి రోడ్డు దాటడమన్నది ఒడిసిన ముచ్చట.

అది ఇంకా రాని చోట్ల మనుషులు రోడ్డు దాటే సందులున్నాయి. బళ్ళన్నీ వాటంతటవే నడుస్తాయి, వాటిని నడిపించే దారి కేంద్రం కూడా మిషనే. కానీ ప్రతి సందు దగ్గరా ఎర్రజెండా పట్టుకుని ఒక మనిషి ఉండాలని చట్టం. రేపు ఏదైనా జరిగితే చూసిన కళ్ళు మనిషివై ఉండాలట. అందుకే నా చేతిలో ఈ కంప్యూటర్ పలక. నేను రాసింది మనిషి సాక్ష్యం. ఒకసారి రాస్తే నేనే కాదు, నా పైవాడు కూడా చెరపలేడు.

ఇవాళ దాటిన 1,906 మందిలో నా భార్య బాలమణి ఒకతె. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున ఆరింటికి స్టీలు క్యారియర్ పట్టుకుని దాటుతుంది. కిడ్నీలు రెండూ పోయి నాలుగేళ్ళు. మా ఇల్లు రోడ్డుకి పడమర, డయాలసిస్ సెంటర్ తూర్పు. మధ్యలో మూడువందల ఇరవై అంగలు. ఆమే లెక్కపెట్టింది. ఇవాళ దాటుతూ, జెండా పట్టుకోవడం ఎప్పటికి నేర్చుకుంటావు, ఈగలు తోలుతున్నట్టుంది అని సందు పక్కన మిరపకాయ బజ్జీలు వేసే సత్తెమ్మకు వినపడేలా అన్నది. సత్తెమ్మ నవ్వి నవ్వి గరిటె కింద పడేసుకుంది.

సాయంత్రం పలకలో నోటీసు వచ్చింది. 2,223వ రోజున పాము పద్నాలుగో సందు దాటుతుంది. సందు మూసేస్తారు. బాలమణికి ఇంకా చెప్పలేదు.

2,213వ రోజు. బుధవారం. పాము దూరం: 110 మీటర్లు.

పలకలో రాసింది: అభ్యాసం కోసం సందు ఒక రోజు మూసివేత. దాటినవారు లేరు. ట్రాఫిక్ సాధారణం.

జనానికి అలవాటు కావాలని ఇవాళ ముందుగానే ఒక రోజు మూశారు. ఏదో మరమ్మతని చెబితే బాలమణి నమ్మింది; నాకు డ్యూటీ, ఆమె ఒక్కతే కారెక్కింది. డైవర్షన్ ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. ఇటు పడమరగా పోయి, రెండు ఫ్లైఓవర్లు ఎక్కి దిగి, ఊరంతా చుట్టి మళ్ళీ తూర్పు నుంచి రావాలి. ఐదు గంటల నలభై నిమిషాలు పట్టింది. దారి పొడుగునా కారు పది నిమిషాలకోసారి "మీరు గమ్యానికి చేరువలో ఉన్నారు" అని చెప్తూనే ఉందట. సూటిగా కొలిస్తే అది చెప్పిందీ నిజమే.

ఆమె పోయేసరికి ఆమె మిషన్ మీద ఇంకొకరున్నారు. నర్సు ఫర్హానా మంచిది కాబట్టి వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి రెండు గంటలు ఇప్పించింది. కావలసింది నాలుగు. ఇంటికి వచ్చాక బాలమణి కాళ్ళు వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది.

సందు తెరిచి ఉంచమని అర్జీ పెట్టాను. పావుగంటలో జవాబు. మీ వినతిని మానవీయ కోణంలో పరిశీలించి తిరస్కరించడమైనది. పడమర వైపు ఆస్పత్రికి మార్చమని అడిగాను. అక్కడ మిషన్లు మూడు, వరసలో ఉన్నవాళ్ళు నాలుగువందల మంది. గాలి అంబులెన్స్ అడిగాను. పాము పని చేసే చోట దాని పైనున్న గాలి కూడా దాని పనిస్థలమేనట. తూర్పున గది చూద్దామంటే ఆ పక్క ఇళ్ళన్నీ ఎప్పుడో పాముకి దారిచ్చి పోయాయి, మిగిలింది ఆస్పత్రీ గోడౌన్లూ. ఉద్యోగం మానేసి ఊరు మారదామంటే, ఉచిత డయాలసిస్ కార్డు ఉన్నదే ఈ ఉద్యోగం మీద. ముందు నుయ్యి వెనక గొయ్యి అని మా నాయన ప్రతి చిన్నదానికీ అనేవాడు. ఆయనకు ఏ నుయ్యీ తెలియదు, ఏ గొయ్యీ తెలియదు.

2,217వ రోజు. ఆదివారం. పాము దూరం: 66 మీటర్లు.

పలకలో రాసింది: సందు మధ్య, పాత డివైడర్ మట్టిలో, ఎండిన వేపమొద్దు పక్కన మైసమ్మ రాయి ఉన్నది. మా నాయనమ్మ కాలం నుంచి ఉన్నది. ఆమె ఏటా ఇక్కడ బోనం పెట్టేది. ఇది నా మనిషి సాక్ష్యం.

రాసేశాను. ఇక చెరపలేను. 

ఏడో సందు దగ్గర జరిగింది నిన్న గుర్తొచ్చింది. అక్కడ చిన్న పోచమ్మ గుడి ఉంటే పాము దాని ముందు ఆగిపోయి, చుట్టూ నలభై అడుగులు వదిలి, రోడ్డును రెండు పాయలు చేసి పోయింది. ముప్పై ఏళ్ళు దాటిన పూజాస్థలం జోలికి పోకూడదని దాని బుర్రలో రాశారు. మన ఊళ్ళో రోడ్లన్నీ అలాగే కదా వంకర తిరిగాయి. ఏ మలుపు దగ్గర చూసినా ఒక రాయి, రాయికి పసుపు, పక్కన నిమ్మకాయలు. కలెక్టర్ చెప్తే కదలని రోడ్డు పసుపు చూస్తే పక్కకి జరుగుతుంది. ముప్పై ఏళ్ళున్నదని రుజువేమిటంటే మనిషి సాక్ష్యం. ఆ మనిషిని నేనే.

మధ్యాహ్నం అన్నం తిని బాలమణి పడుకున్నాక వంటింట్లోకి పోయాను. రోట్లో పొత్రం ఉంది. కోడిగుడ్డు ఆకారం, నల్లరాయి, పట్టుకుని పట్టుకుని నున్నగా అయింది. బాలమణికి వాళ్ళమ్మ ఇచ్చినది. సంచిలో వేసుకుని సందు దగ్గరికి తెచ్చి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, దుకాణంలో దొరికే వెండి కళ్ళు అంటించాను. అంటించగానే అది నన్ను చూసింది. అబద్ధం చెప్పను, రెండు అడుగులు వెనక్కి వేశాను.

2,218వ రోజు. సోమవారం. పాము దూరం: 55 మీటర్లు.

పలకలో రాసింది: దాటినవారు 1,874. ట్రాఫిక్ సాధారణం.

ఆరింటికి బాలమణి వచ్చింది. సందు మధ్యకి పోయి టక్కున ఆగింది. ఇరవై ఆరేళ్ళు తన చేతిలో తిరిగిన రాయి. దానికి కళ్ళు పెడితే మాత్రం పోల్చుకోదా?

"నా పొత్రానికి కండ్లు పెట్టినవా?" అంది.

నెమ్మదిగా మాట్లాడమన్నాను. ఎందుకు పెట్టానో, ఐదు రోజుల్లో ఏం జరగబోతుందో జెండా పట్టుకునే చెప్పాను. నోటీసు సంగతి ఆమెకు తెలియడం అప్పుడే. నన్ను కాసేపు చూసింది, రాయిని కాసేపు చూసింది.

"పాపం తగుల్తది."

"తగిల్తె నాకు తగలనియ్యి."

"నీకు తగిల్తె నాకు తగలదా? ఒక్క ఇంట్ల ఉంటలేమా?" అని, క్యారియర్ కింద పెట్టి, చేతులు జోడించి పొత్రానికి మొక్కింది. మొక్కి పోతే పోయేదేముంది అన్నట్టు భుజాలు ఎగరేసి దాటిపోయింది. నాలుగేళ్ళుగా ఆమె ఆ రోట్లో నాకు పుంటికూర తొక్కు, అదే గోంగూర పచ్చడి, నూరి పెడుతోంది, తను వేలు కూడా నాకకూడదు. కూరలో ఉన్నదేదో గుండెకు ఎక్కుతుందని డాక్టరు కట్టడి చేశాడు. ఇక నాకూ తొక్కు లేదు.

2,222వ రోజు. శుక్రవారం. పాము దూరం: 11 మీటర్లు.

పలకలో రాసింది: యంత్రం ఆగింది. కారణం పూజాస్థలం.

ఆగింది. ఆరేళ్ళలో ఇంత దగ్గర నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. తల ముందున్న గాజుకన్ను రాయి మీదికి వంగి మూడు గంటలు చూసింది. వయసు కొలిచి పలకలో చూపించింది. రెండువందల యాభై కోట్ల సంవత్సరాలు. రాయి వయసు కొలిచింది పిచ్చిది. ముప్పై ఏళ్ళు దాటితే చాలన్నారు, దాటింది.

వంద సందులకు ఒక్కడే ఇంజనీరు, చైతన్య సారు. ఆయన స్వయంగా నడుచుకుంటూ వచ్చాడు. నాకంటే చిన్నవాడే గాని జుట్టంతా తెల్లబడింది. రాయి ఎప్పటి నుంచి ఉందని అడిగాడు. పలకలో రాశాను సార్ అన్నాను.

"పలకల రాసింది చదివిన. నిన్ను అడుగుతున్న."

అప్పుడే బాలమణి తూర్పు నుంచి వస్తోంది. సూది గుచ్చిన చోట దూది అదిమి పట్టుకుని, తల వంచుకుని నెమ్మదిగా నడుస్తోంది. మా నాయనమ్మ కాలం నుంచి సార్ అన్నాను. ఆయన నా కళ్ళలోకి చూసి, బూట్లు విప్పి, రాయి ముందు ఒక నిమిషం నిలబడి వెళ్ళిపోయాడు. నమ్మాడో, నామీద జాలిపడ్డాడో నాకు తెలియలేదు.

2,225వ రోజు. సోమవారం. పాము దాటుతున్నది.

పలకలో రాసింది: నలభై అడుగుల సందు నిలిచింది. దాటినవారు 2,040. ట్రాఫిక్ సాధారణం.

పాము రెండు పాయలై రాయికి అటొకటి ఇటొకటి రోడ్డు పరిచింది. గోడలు నలభై అడుగుల మేర తెగి ఉన్నాయి. బళ్ళు అక్కడ నెమ్మదించి పోతాయి, నేను జెండా ఊపితే ఆగుతాయి, మనుషులు దాటుతారు. బాలమణి దాటుతూ, దొంగ పూజారీ అని చిన్నగా పిలిచింది. పెళ్ళయిన కొత్తలో కూడా నేను ఇంత సంతోషంగా లేనేమో. సాయంత్రం సత్తెమ్మ రాయి ముందు దీపం పెట్టింది. నేను వద్దనలేదు. వద్దని ఏమని చెప్పాలి?

2,241వ రోజు. బుధవారం.

పలకలో రాసింది: దాటినవారు 3,300. రాయి దగ్గర ఆగినవారు 4,000 పైచిలుకు. ట్రాఫిక్ సాధారణం.

తప్పు ఎక్కడ మొదలైందో రాసుకోవాలి. గంటల తరబడి కారులో కూర్చున్న మనిషికి ఒక దేవత కనిపిస్తే దిగకుండా ఉంటాడా? ఎప్పుడు ఇల్లు చేరతామో తెలియనివాళ్ళకు మొక్కుకోవడానికి ఒక కారణం సిద్ధంగానే ఉంటుంది. మొదట కొబ్బరికాయలు. తర్వాత చీరలు. సత్తెమ్మ బజ్జీల మూకుడు పక్కన పెట్టి పొద్దంతా తల్లి పనే చేస్తోంది. పామును ఆపిన తల్లి అని పేరు పడింది. దిగినవాళ్ళ కార్లు ఆగుతాయి, వాటి వెనకవి ఆగుతాయి. కొత్త రోడ్డు మీద గంటకు రెండువందల కిలోమీటర్లు పోవలసిన బళ్ళు పద్నాలుగో సందు దగ్గర మేకల్లా నిలబడి ఉన్నాయి.

అంతటితో పోయినా బాగుండేది. పాము ఇంకా చేరని సందుల్లో జెండా మనుషులందరికీ కళ్ళున్నాయి, అందరికీ అవతలి పక్క ఎవరో ఒకరున్నారు. పదిహేడులో పోచమ్మ లేచింది. ఇరవై రెండులో ఎల్లమ్మ. ఇరవై మూడులో ఒక దర్గా. ఇవాళ్టికి అరవై ఒక్క పూజాస్థలాలు, అన్నింటికీ మనిషి సాక్ష్యం ఉంది, అందరి నాయనమ్మలూ బోనం పెట్టినవాళ్ళే. పాము రోజుకి రెండు మీటర్లు కూడా పోలేక వెనక్కి మళ్ళింది. వేసిన రోడ్డును మళ్ళీ తవ్వి కొత్త దారి చూస్తుందట. పని పూర్తయ్యే తేదీ ఇంకో పదకొండేళ్ళు వాయిదా పడింది.

బాలమణి మాత్రం వారానికి మూడుసార్లు దాటుతూనే ఉంది. నేను ఆ ఒక్కటే చూసుకున్నాను.

2,246వ రోజు. సోమవారం.

పలకలో రాసింది: పద్నాలుగో సందు రాయి పూజాస్థలం కాదు. అది నా ఇంటి రోటి పొత్రం. 2,217వ రోజున నేను రాసింది అబద్ధం. ఇది నా మనిషి సాక్ష్యం.

పొద్దున ఉత్తర్వు వచ్చింది. భక్తుల వల్ల పూజాస్థలానికీ, బళ్ళకూ ప్రమాదం ఉన్నది కాబట్టి రాయి చుట్టూ నలభై అడుగుల లోపల మనిషన్నవాడు లేకుండా, రెండు పక్కల గోడలూ కలిపేసి, రాయి మీద కప్పు వేసి భద్రపరుస్తారు. ఎల్లుండి నుంచి పని. రాయిని ఎవరూ ముట్టకూడదు గాని, రాయికీ మనుషులకూ మధ్య గోడ కట్టవచ్చు. ఆ లొసుగు నాకు తట్టలేదు. మిషనుకు తట్టింది.

రాయే లేకపోతే సందు మూయడానికి ఈ ఉత్తర్వు ఉండదు, మళ్ళీ అర్జీ పెట్టవచ్చు, నాలుగు రోజులైనా ఊపిరి దొరుకుతుంది అనుకుని నిజం రాశాను. ఐదు నిమిషాల్లో జవాబు. మీ రెండో సాక్ష్యం నమోదైనది. మొదటి సాక్ష్యం చెరగదు. మొదటిదాన్ని 4,112 మంది బలపరిచారు. రెండోదాన్ని బలపరిచినవారు లేరు.

చైతన్య సారుకి ఫోన్ చేశాను. 

"నాకు ఆనాడే తెలుసు, లింబాద్రీ," అన్నాడు. "మా ఇంట్ల గూడ అసొంటి పొత్రం ఉండె. కానీ ఇప్పుడు నీదొక్కటి అబద్ధమంటే అరవై ఒక్కటీ తవ్వాలె. తవ్వితే ఊరు అంటుకుంటది. ఎవ్వడు సంతకం పెడ్తడు?"

ఆనాడే ఎందుకు చెప్పలేదు సార్ అని అడిగాను. నువ్వెందుకు చెప్పలేదో నేనూ అందుకే అన్నాడు. వాళ్ళ అమ్మ కూడా ఇంకో సందు దగ్గర రోడ్డుకి అవతలే ఉంటుందట.

2,247వ రోజు. మంగళవారం.

పలకలో రాసింది: ట్రాఫిక్ సాధారణం.

మధ్యాహ్నం జెండా పక్కన పెట్టి, రాయి దగ్గరికి పోయి, వంగి రెండు చేతులతో పట్టుకున్నాను. పసుపు అంగుళం మందాన పేరుకుంది. సత్తెమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఆమె వెనక యాభై మంది దాకా ఉన్నారు.

"సత్తెమ్మా, ఇది మా బాలమణి పొత్రం. నువ్వు మా ఇంట్ల తొక్కు తిన్నవు. దీంతో నూరిందే."

"నాకెర్కనే అన్నా," అంది. గొంతు చాలా మెత్తగా ఉంది. "పొత్రమైతేంది? నా బిడ్డ కారు నాలుగు దినాలు కానరాలే. తల్లికి మొక్కినంక ఇంటికొచ్చింది. ఇప్పుడు నువ్వు ఇది తీస్కపోతే నేను దేనికి మొక్కాలె?"

నేను రాయిని వదల్లేదు. వెనకనుంచి ఎవడో నా చొక్కా పట్టి లాగాడు, ఇంకెవడో తోశాడు. సత్తెమ్మే అడ్డం నిలబడి నన్ను బయటికి తెచ్చింది, లేకపోతే ఈ నోటుబుక్కు ఇక్కడితో అయిపోయేది.

రేపు బుధవారం బాలమణి చివరిసారి నడిచి దాటుతుంది. గోడ మధ్యాహ్నం మొదలవుతుంది.

2,262వ రోజు. బుధవారం.

పలకలో రాసింది: సందు లేదు. దాటినవారు లేరు. ట్రాఫిక్ సాధారణం.

అరవై ఒక్క పూజాస్థలాలను తప్పించే దారి కోసం పాము వెనక్కి తవ్వుకుంటూ పోతుండటంతో డైవర్షన్ ఇప్పుడు డెబ్బై ఒక్క కిలోమీటర్లు. పోవడానికి తొమ్మిది గంటలు, రావడానికి అంతకంటే ఎక్కువ. నేను చేసిన పని ఊరంతా పంచుకుంటోంది. మొన్న ఒక పెళ్ళి రోడ్డు మీదే అయింది, పురోహితుడు మూడు కార్ల వెనక నుంచి ఫోన్లో మంత్రాలు చదివాడట.

బాలమణిని తూర్పునే ఆస్పత్రి వరండాలో ఉంచి చూశాం. అక్కడ అప్పటికే ముప్పై మంది చాపలు పరుచుకుని ఉన్నారు. ఫర్హానా చోటు చూపించింది. ఐదో రోజుకు జ్వరం పట్టుకుంది. రోగులు వరండాలో ఉండకూడదని ఆరో రోజు అందరినీ పంపేశారు. పదకొండు గంటలు కారులో కూర్చుని ఇంటికి వచ్చింది. చెప్పులు పట్టనంతగా పాదాలు ఉబ్బాయి.

గోడ దగ్గర నిలబడి ఆమెకు వినపడేలా ఏడవకూడదని ఇవాళ నేర్చుకున్నాను. మా ఇల్లు అంత దగ్గర.

2,271వ రోజు. శుక్రవారం.

పలకలో రాసింది: ట్రాఫిక్ సాధారణం.

ఆరింటికి కారు వాకిట్లోకి వచ్చి తలుపు తెరిచింది. బాలమణి గడప మీద కూర్చుని లేవలేదు. లేవలేక కాదు.

"ఇగ నన్ను తిప్పకు," అంది. "వారంల అరవై గంటలు కార్లనే పోతున్నయి. మిగిలినయన్న ఇంట్ల ఉంటె."

నేను బతిమాలాను. కోపగించాను. చేతులు పట్టి లేపబోయాను, ఆమె బరువంతా నీళ్ళే, అయినా లేపలేకపోయాను. తలుపు తెరిచిన కారు పావుగంట చూసి, మీ ప్రయాణం రద్దయినది, మీ సమయానికి ధన్యవాదాలు అని చెప్పి వెళ్ళిపోయింది. బాలమణికి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది, తర్వాత నా మీద వచ్చింది, అది ఇంకా పోలేదు.

2,276వ రోజు. బుధవారం.

పలకలో రాసింది: ట్రాఫిక్ సాధారణం.

పుంటికూర తొక్కు కావాలంది. డాక్టరు వద్దన్నాడు కదా అనబోయి నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఎవరు వద్దన్నా ఒకటే. కూర తెచ్చాను, పచ్చిమిరపకాయలు, ఎల్లిపాయలు వేయించాను, మిక్సీలో వేశాను. పక్కనే రోలు ఖాళీగా ఉంది. అన్నంలో కలిపి ముద్ద నోట్లో పెడితే కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలింది.

"రాయి రుచి రాలే," అంది. "పోనీ తియ్యి. నీ పొత్రం పెద్ద ఉద్యోగంల ఉన్నది."

ఇంకో ముద్ద అడిగింది. నాలుగేళ్ళ తర్వాత ఆమె అడిగి తిన్న ముద్ద అది.

2,279వ రోజు. శనివారం.

పలకలో ఏమీ రాయలేదు.

పొద్దున తొమ్మిది దాటాక పోయింది. ఆమె చేతిని నా చేతిలో పెట్టుకుని ఉన్నాను. ఊపిరి ఆడక చాలా బాధపడింది. తేలిగ్గా పోయిందని అందరికీ చెప్పాను, ఇక్కడ మాత్రం ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. కిటికీలోంచి గోడా, గోడ వెనక ఆస్పత్రి మేడ మీది మూడో అంతస్తూ కనిపిస్తున్నాయి. ఆమె మిషన్ ఉండేది ఆ అంతస్తులోనే.

పలకలో రాయలేదని కేంద్రం సంజాయిషీ అడిగింది.

2,289వ రోజు. మంగళవారం.

ఇవాళ బాలమణి పదకొండో రోజు. పోయినవాళ్ళకు ఇష్టమైనది వండి కాకికి పెట్టాలి. తొక్కు తప్ప ఇంకోటి తోచలేదు. మిక్సీలో నూరిందే విస్తరిలో పెట్టి డాబా మీద ఉంచాను. కాకి రాలేదు. ఈ రోడ్డు పని మొదలయ్యాక ఇక్కడ కాకులు లేవు, అది నాకు తెలుసు, అయినా చీకటి పడేదాకా కూర్చున్నాను.

సత్తెమ్మ వచ్చింది. గోడ కట్టాక ఆమె కూడా లోపలికి పోలేదు, బయటి నుంచే గోడకు పసుపు పూసి మొక్కుతోంది. కొబ్బరి ముక్క నా చేతిలో పెట్టి, తల్లి ప్రసాదం అన్నా, కాదనకు అంది. తిన్నాను. ఏడుస్తూనే తిన్నాను. ఆమె పక్కన కూర్చుని నా వీపు నిమిరింది.

2,290వ రోజు. బుధవారం.

పొద్దున కొత్త ఉత్తర్వు వచ్చింది. పద్నాలుగో సందు ఇక లేదు కాబట్టి జెండా మనిషి అవసరం లేదు. అయితే రక్షిత పూజాస్థలానికి రోజూ ఒక మనిషి సాక్ష్యం ఉండాలి. ఆ రాయిని మొదట చూసి నమోదు చేసినవాడిని నేనే కాబట్టి ఆ పని నాదే. డయాలసిస్ కార్డు యథాతథంగా కొనసాగుతుందని కింద రాశారు.

గోడలో అరచేయంత అద్దం పెట్టారు. దానికి కన్ను ఆనించి చూస్తే లోపల చిన్న దీపం, దాని వెలుగులో పసుపు, వెండి కళ్ళు. కాసేపు చూస్తే పసుపు కింద నల్లరాయి కనిపిస్తుంది, ఇంకాసేపు చూస్తే దాని నడుము మీద ఒక పక్క అరిగిన చోటు. అది బాలమణి కుడిచేయి అరగదీసింది. అక్కడికి నా చెయ్యి చేరదు. ఎవరి చెయ్యీ చేరదు.

సాయంత్రం ఐదయింది. పలక వెలిగింది. ఏమి రాయాలో ఉత్తర్వులోనే ఉంది.

పలకలో రాసింది: లింబాద్రి, మనిషి సాక్ష్యం. రాయి భద్రంగా ఉన్నది.